విషాదవిచారము

మైలవరముచుట్టు నున్న కొండలలోఁ బుట్టి, వెలగలేరుమీఁదుగాఁ బాఱి, విజయవాడప్రక్కగాఁ బోయి కొల్లేటిలోఁ గలియు వాఁగు బుడమేరు. ఏఁటిలో నధికభాగ మది సన్ననిపాయ. అయినను దానికి విజయవాడ దుఃఖదాయిని యని పేరు వచ్చినది. 2024వ సంవత్సరము ఆగస్టు చివరను సెప్టెంబరు మొదటను గురిసిన వర్షములకు వాఁగు పొంగి, కట్టలు తెగి, అజిత్‌సింగ్‌నగరము మొదలగు పేటలను ముంచెను. అదే సమయమునఁ గృష్ణానది యంచులొరసి పాఱుచుండుటచే బుడమేటినీటికి నదిలోఁ జేరు త్రోవ లేకపోయెను. వాన వెలిసినను నీరు దినములతరబడి వీథులలో నిలిచియుండెను. వానవలనఁ గలిగిన నష్టముకంటె, నీరు కదలక నిలిచిపోవుటవలనఁ గలిగిన నష్టమే పెద్దది.

మనుష్యుని దుఃఖమునకు నిట్టిదే గతి. వచ్చి పోవు దుఃఖము వేఱు. పోవు త్రోవ లేక నిలిచిపోయిన దుఃఖము వేఱు. మొదటిది భావము, రెండవది వ్యాధి. ఆ వరదలో నిల్లు వాకిలి పోఁగొట్టుకొన్నవా రందఱును దుఃఖించిరనుట సహజము. అట్టి దుఃఖము పెక్కండ్రకుఁ గ్రమముగా నుపశమించును. కొందఱకు నెలలు గడచినను దిగక మనస్సునందే నిలుచును. ఈ రెండవదానిని నేఁటి వైద్యులు డిప్రెషన్ అనియు, వార్తాపత్రికలవారు కుంగుబాటు అనియు వ్యవహరించుచున్నారు. ఈ భేదమును దెలుపుటకుఁ దగిన పరిభాష వైయాకరణులయొద్దను నాలంకారికులయొద్దను జిరకాలముగా నున్నది. దానిని నేఁటి శాస్త్రముతో సరిచూచి, పాఠశాలలలోఁ బిల్లలనడుమ నుండు పండితులకు దానివలనఁ గలుగు నుపయోగమును దెలుపుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

శబ్దవిచారము

విషాదశబ్దము "వి" యను నుపసర్గముతోఁ గూడిన సద్‌ధాతువునుండి పుట్టినది. ధాతుపాఠమున నీ ధాతువునకు విశరణము, గతి, అవసాదనము అని మూఁడర్థములు చెప్పఁబడినవి. విశరణ మనఁగా శిథిలమై విడిపోవుట. గతి యనఁగాఁ బోవుట. అవసాదన మనఁగాఁ గ్రుంగుట. ఉపసర్గము ఇకారముతో ముగియుటచే ధాతువునందలి సకారము షకారమై విషాదమని రూపమయ్యెను. "ప్ర", "అవ" యను నుపసర్గము లకారాంతములు. కావునఁ బ్రసాదము, అవసాదము అనుచోట సకారము మాఱలేదు. "ప్రతి" యను నుపసర్గమునకుఁ బరమైనప్పుడు షకారము రాదని సూత్రకారుఁడే మినహాయించెను. చెవికి దూరముగా వినఁబడు విషాదప్రసాదములు నిజమునకు నొక్కతల్లి బిడ్డలు.

ఒక్క ధాతువే యుపసర్గభేదముచే నెంతదూరము పోవునో చూడఁదగినది. "వి" చేరఁగా మనస్సు క్రుంగును. "ప్ర" చేరఁగా మనస్సు తేఱును. పూర్వము పల్లెలలో బురదనీటిని ద్రాగుట కనువుగాఁ జేయుటకుఁ గడవలోపల చిల్లగింజ నరగఁదీసెడివారు. మన్నడుగునకు దిగి నీరు స్వచ్ఛ మగును. ఆ తేఱుటయే ప్రసాదము. దేవాలయమున నిచ్చు ప్రసాదమునకు నీ యర్థమే మూలము. అది దేవుని మనస్సు తేఱినదనుటకు గుర్తు. ఇఁక "ఉప", "ని" యను రెండుపసర్గములు చేరఁగా ఉపనిషత్తు అగును. శంకరభగవత్పాదులు ధాత్వర్థమును బట్టి, అవిద్యను శిథిలము చేయు విద్య యని దీనికిఁ జెప్పిరి. నవీనభాషాశాస్త్రజ్ఞులు గురువునకు దగ్గఱగాఁ గూర్చుండుట యని చెప్పుదురు. రెండర్థములును ధాతువునకు విరుద్ధములు కావు. క్రుంగినవాఁడు విషాదమునుండి ప్రసాదమునకుఁ బోవలె నన్న నడుమ నొకరు దగ్గఱఁ గూర్చుండవలెనని యీ మూఁడు పదములును గలిసి సూచించుచున్నవి.

తెలుఁగునఁ గ్రుంగు అనునది సద్‌ధాతువున కర్థమున సరియైన పదము. ప్రొద్దు క్రుంగును, గోడ క్రుంగును, మనస్సు క్రుంగును. దిగులు, గుబులు, బెంగ అను మాటలు నించుకించుక భేదముతో వాడుకలో నున్నవి. గుబులు రాఁబోవుదానిని గూర్చిన భయముతోఁ గూడినది. బెంగ దూరమైనవారికొఱకుఁ బడునది. హాస్టలునఁ జేర్చిన పిల్ల బెంగపెట్టుకొని చిక్కినదని తల్లులు చెప్పుదురు. శరీరము చిక్కుటకు మనస్సు కారణమని యెఱిఁగిన జాతియే యట్టి మాట పలుకఁగలదు. ఇంగ్లీషునందలి డిప్రెషన్ అనుపదము క్రిందికి నొక్కుట యను నర్థముగల లాటిన్‌ధాతువునుండి వచ్చినది. దానికిఁ బూర్వము ఐరోపావారు వాడిన మెలాంకోలియా యను గ్రీకుపదమునకు నల్లనిపైత్యమని యర్థము. ఆఫ్రికాలో జింబాబ్వేదేశపు షోనాభాషవా రీ స్థితినిఁ గుఫుంగిసిసా యందురు; అతిగా నాలోచించుట యని దాని యర్థము. క్రుంగుట, నొక్కఁబడుట, పైత్యము నల్లనగుట, ఆలోచన హద్దు మీఱుట: ఈ పేళ్లలో నొక్కటియు సోమరితనమును గాని పిఱికితనమును గాని చెప్పదు. ఆ నిందలు తరువాతి వారు చేర్చినవి.

సంచారి స్థాయి యగుట

భరతముని నాట్యశాస్త్రమున భావములను 49గా లెక్కించెను. వానిలో స్థాయిభావములు 8, సాత్త్వికభావములు 8, వ్యభిచారిభావములు 33. వ్యభిచారులకే సంచారులని నామాంతరము. వచ్చుచుఁ బోవుచు స్థాయిని బోషించునవి. విషాద మీ ముప్పదిమూఁటిలో నొకటి. నిర్వేదము, గ్లాని, శంక, శ్రమము, ఆలస్యము, దైన్యము, చింత, జడత, నిద్ర యనునవియు నా పట్టికలోనివే. నేఁటి వైద్యుఁడు రోగి నడిగి వ్రాసికొను లక్షణముల పట్టికను వీనిప్రక్కఁ బెట్టి చూచినచోఁ బోలిక స్పష్టముగాఁ గనఁబడును: పనులందు రుచి లేకపోవుట నిర్వేదము, ఒంట సత్తువ లేకపోవుట గ్లాని, మాటయు నడకయు మందగించుట జడత, తనకుఁ దానే తక్కువగాఁ దోఁచుట దైన్యము.

అయిన భరతుఁడు వీనిని వ్యాధులుగాఁ జెప్పలేదు, సంచారులుగాఁ జెప్పెను. అందే యర్థ మున్నది. మైలవరము జమీందారుల యాదరణమున వెలసి, ఇరువదవ శతాబ్దపు పూర్వభాగమున బెజవాడలోఁ బేరుగన్న మైలవరము నాటకసమాజమువంటి సమాజములలో నటులు రాత్రి యెల్ల శోకించి ప్రేక్షకుల కన్నీరు దెప్పించి, తెర దిగఁగానే వేషముతోపాటు విషాదమును దీసి పెట్టిరి. రోగి యట్లు తీసి పెట్టలేఁడు. వానియందు సంచారి సంచరింప మానినది. స్థాయి కావలసిన రతి, ఉత్సాహము, హాసము దానిచాటునఁ బడినవి. సంచారి స్థాయిస్థానము నాక్రమించుటయే యీ వ్యాధికి నాలంకారికుల మాటలలోఁ జెప్పఁదగిన లక్షణము.

భరతుఁడు విషాదమునకుఁ జెప్పిన యనుభావములలో మఱియొక విశేష మున్నది. తలపెట్టిన పని నెఱవేఱకపోవుటచేతను దైవవిపత్తిచేతను విషాదము పుట్టునని చెప్పి, దాని నుత్తమమధ్యమపాత్రములు వెలిబుచ్చు తీరు వేఱనియు, నధమపాత్రములు వెలిబుచ్చు తీరు వేఱనియు నతఁడు విభజించెను. అధములు దిక్కు తోఁచక పరుగులు పెట్టుదురు, నోరు ఎండ నిట్టూర్చుదురు, నిద్రలోఁ బడుదురు. ఉత్తమమధ్యములు చేయువానిలో మొదట లెక్కింపఁబడినవి సహాయాన్వేషణము, ఉపాయచింతనము. అనఁగాఁ దోడ్పడువారిని వెదకుట, ఉపాయ మాలోచించుట. విషాదమున నొకరిసాయ మడుగుట హీనత యను నేఁటి లోకాభిప్రాయమునకు నిది సరిగాఁ బ్రతికూలము. సాయ మడుగుట యుత్తముని లక్షణమని నాట్యశాస్త్రపు తీర్పు.

ఆ పట్టికలోనే యవహిత్థ యను మఱియొక సంచారి యున్నది. మనోభావమును బైకిఁ గనఁబడకుండ దాఁచుట యని దాని యర్థము. క్రుంగినవా రందఱును గన్నీరు పెట్టుకొనరు. పదిమందిలో నవ్వి, ఇంటికిఁ బోయి తలుపు మూసికొనువారు పెక్కుమంది. నవ్వుచున్నాఁడు గదా, వీనికేమి దుఃఖ మని యనుకొనుటకు ముందు పండితులైనవా రవహిత్థను దలఁచుకొనవలెను.

వైద్యులు చెప్పు లక్షణములు

రెండు వారములకుఁ దక్కువ కాకుండ, దాదాపు ప్రతిదినమును, దినములో నధికభాగము మనస్సు క్రుంగియుండుట గాని, పూర్వ మిష్టమైన పనులందు నిష్టము పోవుట గాని యీ వ్యాధికి ముఖ్యలక్షణము. దానితోడ నిద్ర తగ్గుట లేక మిక్కిలి యగుట, ఆఁకలియు శరీరపుబరువును మాఱుట, అలసట, మాటయుఁ జేష్టయు మందగించుట లేక నిలుకడలేకపోవుట, తనవలనఁ బ్రయోజనము లేదనియుఁ దానే తప్పు చేసితిననియుఁ దోఁచుట, మనస్సు నిలువకపోవుట, చావును గూర్చిన తలఁపులు అనునవి చేరును. ఈ తొమ్మిదింటిలో నైదు గాని యంతకంటె నెక్కువ గాని యుండి, నిత్యకృత్యములకుఁ జెఱుపు గలిగినచో వైద్యులు దానిని వ్యాధిగా నిర్ణయింతురు. మన దేశమునఁ జాలమంది మనస్సును గూర్చి చెప్పక తలనొప్పి, ఒంటినొప్పులు, నీరసము అని చెప్పుకొని వైద్యునియొద్దకుఁ బోవుదురు. థైరాయిడుగ్రంథి మందగించినను నిట్టి లక్షణములే కనఁబడును. కావున శరీరపరీక్షయు నావశ్యకము.

కారణ మొక్కటి కాదు. వంశమున నుండుట, మెదడునందలి మార్పులు, బాల్యమునఁ బడిన బాధలు, ఆప్తుల మరణము, అప్పు, దీర్ఘరోగము, ప్రసవానంతరస్థితి, ఒంటరితనము అనునవి యొకటితో నొకటి పెనఁగొని యీ స్థితిని దెచ్చును. బెంగుళూరునందలి నిమ్హాన్స్ సంస్థ 2015, 2016 సంవత్సరములలో జరిపిన జాతీయమానసికారోగ్యసర్వేక్షణమును బట్టి, వయస్సు వచ్చినవారిలో నూటికి 2.7 మంది యా సమయమున నీ వ్యాధితో నుండిరి. జీవితమున నెప్పుడైనను దీనిపాలైనవారు నూటికి 5.25 మంది. ఇరువదిమందిలో నొకఁ డన్నమాట. నలువదిమంది పిల్లలున్న తరగతికిఁ బాఠము చెప్పు పండితుఁడు, ఆ పిల్లల తల్లిదండ్రులలోనైనను నలుగు రీ బాధ నెఱిఁగినవా రుందురని తలఁచుటలో నతిశయోక్తి లేదు.

చరకుఁడు రోగములను వృద్ధిఁబొందించువానిలో విషాదము మొదటిదని యగ్ర్యగణనమునఁ జెప్పెను. ఔషధమును మూఁడు విధములుగా విభజించి, జపహోమాదులను దైవవ్యపాశ్రయమనియు, నాహారౌషధములను యుక్తివ్యపాశ్రయమనియు, నహితవిషయములనుండి మనస్సును మరలించుటను సత్త్వావజయమనియు వేఱువేఱుగాఁ బేర్కొనెను. మూఁటికిని మూఁడు స్థానములు. ఒకదానిస్థానమున మఱియొకదానిని నిలుపుమని యతఁడు చెప్పలేదు. తీవ్రమైన క్రుంగుబాటునకు మందు కావలెను. అది ఫల మిచ్చుటకుఁ గొన్నివారములు పట్టును. వైద్యునియాజ్ఞ లేక మానరాదు. తేలికయైనదానికి మాటలతోడి చికిత్సయే చాలును. నడిమిదానికిఁ బెక్కుమాఱులు రెండును గావలెను. పారాయణము మనస్సునకు నూఱట నిచ్చినను వైద్యుని యొద్దకుఁ బోవుట కడ్డు కారాదు.

గీతలోని క్రమము

మాటలతోడి చికిత్స యెట్లుండవలెనో తెలిసికొనుటకు మన పండితుల కందఱకుఁ గంఠస్థమైన గ్రంథ మున్నది. భగవద్గీత ప్రథమాధ్యాయమునకు నర్జునవిషాదయోగమని పేరు. అర్జునుఁడు తన యవయవములు క్రుంగుచున్నవనుచోట వాడిన క్రియ సద్‌ధాతువే. "సీద" యని దాని కాదేశము. నోరు ఎండుట, వడఁకు, గాండీవము చేతినుండి జాఱుట, నిలువలేకపోవుట, మనస్సు తిరుగుట: అతఁడు చెప్పిన లక్షణములు మొదట శరీరమునకు సంబంధించినవి, తరువాత మనస్సునకు సంబంధించినవి. అర్జునునిది తత్కాలమునఁ గలిగిన శోకము గాని పైఁజెప్పిన దీర్ఘవ్యాధి కాదు. అయినను క్రుంగినవానితో మాటలాడు క్రమమున కది నిదర్శనము.

అర్జునుఁడు తన దుఃఖమును జెప్పుచుండఁగా నధ్యాయాంతమువఱకుఁ గృష్ణుఁ డడ్డుపడలేదు. ఇది మొదటిమెట్టు. ద్వితీయాధ్యాయారంభమున నతఁడు రెండు శ్లోకములలో మందలించెను, పిఱికితనము విడువుమనెను. ఆ మందలింపు ఫలింపలేదు. అర్జునుఁడు మరల దుఃఖించి, యుద్ధము చేయనని చెప్పి, మాటాడక యూరకుండెను. భగవంతుఁడు చెప్పినను గ్రుంగినవానియెడ మందలింపు పనిచేయదని దీనివలనఁ దెలియుచున్నది. నడుమ నర్జునుఁడు తన బుద్ధి కలఁగినదని యొప్పుకొని శిష్యుఁడనై యడుగుచున్నాననెను. ఇది భరతుఁడు చెప్పిన సహాయాన్వేషణము. అటుపిమ్మటనే యుపదేశ మారంభ మయ్యెను. అర్జునుఁడు నడుమనడుమఁ బ్రశ్నించెను, సందేహించెను, నీ మాటలు కలగాపులగముగా నున్నవని యాక్షేపించెను. కృష్ణుఁ డొక్కమాఱైనను విసుగుకొనలేదు. చివర నంతయు విమర్శించి నీకుఁ దోఁచినట్లు చేయుమని నిర్ణయము నతనికే విడిచెను. విషాదముతో మొదలైన గ్రంథమున నర్జునుని చివరిమాటలలో నదే ధాతువు ప్రసాదరూపమున మరల వచ్చెను. ప్రత్యధ్యాయాంతమునఁ దన్నుఁ దా నుపనిషత్తని చెప్పుకొన్న గ్రంథ మిది.

సుందరకాండమున రెండు ఘట్టములు

కష్టకాలమున సుందరకాండము పారాయణము చేయుట తెలుఁగునాట నింటింట నున్న యాచారము. ఆ కాండమున సీత వెదకినను గానరాక హనుమంతుఁడు నిర్వేదమునఁ బడిన ఘట్టమును నిదానముగాఁ జదువవలెను. సీతను జూడక మరలిపోయినచో రాముఁడు జీవింపఁడు. రాముఁడు లేనిదే లక్ష్మణుఁడు లేఁడు. వారి వార్త విని భరతశత్రుఘ్నులును దల్లులును బ్రాణములు విడుతురు. సుగ్రీవుఁడు, తార, అంగదుఁడు, వానరులందఱును నశింతురని యతఁ డొకదానినుండి యొకటిగా నూహించుచుఁ బోయెను. వీనిలో నొక్కటియు జరుగలేదు. జరిగిన దొక్కటే: అంతవఱకు వెదకినచోట సీత కనఁబడలేదు. తానును బ్రాణములు విడుతుననువఱకు నాలోచన పోయి, అచ్చట నతఁడు మలుపు తిరిగెను. మరణమునఁ బెక్కు దోషములున్నవి, బ్రతికియున్నవానికి శుభము గలుగు నవకాశ మున్నదని నిశ్చయించుకొనెను. వెంటనే తాను జూడని యశోకవన మొకటి మిగిలియున్నదని గమనించి యచ్చటికిఁ బోయెను.

అమెరికాదేశమున ఆరన్ బెక్ అను వైద్యుఁడు 1960వ దశకమున నీ వ్యాధికిఁ జికిత్స నొకదానిని రూపొందించెను. క్రుంగినవాని యాలోచన చిన్న యపజయమునుండి సర్వనాశమువఱకు మెట్లుమెట్లుగా దిగు ననియు, నా మెట్లలో జరిగిన దేదో యూహించిన దేదో రోగిచేతనే విడఁదీయించినచో మనస్సు తేలికపడు ననియు నతఁడు చూపెను. దానితోడ నాఁటికి నాఁడు చేయఁదగిన చిన్నపని నొకదానిని నిర్ణయించి చేయించుటయు నా చికిత్సలో నంగము. వాల్మీకి వైద్యగ్రంథము వ్రాయలేదు; అయినను మనస్సు దిగు మెట్లను, మరలు మలుపును, మలుపుపిమ్మటఁ జేయవలసిన చిన్నపనిని నుద్దేశింపకయే చిత్రించెను.

రెండవ ఘట్టము సీతతో మాటలాడుటకు ముందు హనుమంతుఁడు చేసిన యాలోచన. ద్విజునివలె సంస్కృతమునఁ బలికినచో నామె తన్ను రావణుఁడని భయపడు ననియు, నూఱట గలిగించు మానుషవాక్యమే తగిననియు నతఁడు నిశ్చయించెను. ఎదుటికి దుమికి రాక చెట్టుకొమ్మమీఁదనే యుండి, ఆమె యెఱిఁగిన రామకథను మెల్లగాఁ జెప్పెను. వ్యాకరణ మంతయు నెఱిఁగినవాఁడు, ఎదుటివారు వినఁగల భాష కొఱకుఁ దన పాండిత్యమును బ్రక్కఁ బెట్టెను. పండితులు గమనింపఁదగిన విషయ మిది. క్రుంగినవానికిఁ బ్రమాణవాక్యములతోఁ బనిలేదు. వాని భాషలోని రెండు మాటలు చాలును.

మంతనము

ఇంగ్లీషునఁ గౌన్సెలింగు అనుదానికిఁ గలిసి యాలోచించుట యని మూలార్థము. తెలుఁగున దీనికి మంతనము అను పదము పూర్వమునుండి యున్నది. ఇద్దఱు మూఁడవవాని చెవిని బడకుండ నాలోచించుకొనుట మంతనము. ఓదార్పు, ఉపదేశము, మందలింపు అను మూఁడింటికి నిది భిన్నము. ఓదార్పు కన్నీటిని దుడుచును గాని కారణము నడుగదు. ఉపదేశము చెప్పువానికిఁ దెలిసినదానిని జెప్పును. మందలింపు తప్పు చూపును. మంతనము క్రుంగినవాని మాటలనే యాధారముగాఁ గొని, వానితోఁ గలిసి త్రోవ వెదకును. మందలించు అను క్రియకుఁ గోస్తాజిల్లాలలో గద్దించుట యర్థము; తెలంగాణమున నదే క్రియకు యోగక్షేమము నడుగుట, పలుకరించుట యర్థము. ఒక్క భాషలోనే యొక్క మాట గద్దింపునకును బలుకరింపునకును జెల్లుచుండఁగా, క్రుంగినవానియెడఁ దెలంగాణపు టర్థము నెన్నుకొనుట మేలు.

నేర్చినవాఁడు చేయు మంతన మిట్లుండును. కాలమును స్థలమును ముందే నిర్ణయించుకొని వారమున కొకమాఱు సుమారు గంటసేపు కూర్చుండును. చెప్పినది రహస్యముగా నుంచును. ప్రాణాపాయ మున్నచో మాత్రము సంబంధించినవారికిఁ దెలుపవలసివచ్చు ననియు మొదటనే చెప్పును. తీర్పు చెప్పక వినును. విన్నదానిని దన మాటలలో మరలఁ జెప్పి, సరిగా వింటినా యని యడుగును. నిద్ర, భోజనము, బడి, స్నేహితులు అనువానిలో నొక్కొక్క చిన్న మార్పును రోగియే యెంచుకొనునట్లు చేసి, మఱువారము దాని ఫలమును విచారించును. చచ్చిపోవలె నను తలఁపు వచ్చుచున్నదా యని సూటిగా నడుగును. అడుగుటవలన నా తలఁపు పుట్టు నను భయము నిరాధారము. అడిగిన వారియొద్ద బరువు దించుకొనుటకు వీలు గలుగును.

ఇట్టి మంతనమునకుఁ బెద్ద వైద్యులే కావలె నను నియమము లేదు. గోవారాష్ట్రమునఁ బ్రాథమికారోగ్యకేంద్రములలో, వైద్యవిద్య చదువని స్థానికులకు శిక్షణ యిచ్చి, ఆఱు మొదలు ఎనిమిదిమాఱులు రోగులతో మాటలాడించిరి. 2017వ సంవత్సరమున లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితమును బట్టి, మూఁడు నెలలపిమ్మట వ్యాధి నెమ్మదించినవారు మంతనము పొందినవారిలో నూటికి 64 మంది, సాధారణచికిత్స మాత్రము పొందినవారిలో నూటికి 39 మంది. జింబాబ్వేలో వయస్సు మీఱిన స్త్రీలకు శిక్షణ యిచ్చి, వైద్యశాలల యావరణములోఁ జెక్కబల్లలపైఁ గూర్చుండఁబెట్టిరి. కుఫుంగిసిసాతో వచ్చినవా రా యవ్వలప్రక్కఁ గూర్చుండి చెప్పుకొందురు. 2016లో వెలువడిన పరిశోధన యీ పద్ధతియు ఫల మిచ్చునని చూపెను. సమీపమునఁ గూర్చుండుట యను నుపనిషదర్థ మిచ్చట నక్షరార్థమునఁ గనఁబడుచున్నది.

పాఠశాలలయందు

విజయవాడ పరిసరముల నింటర్మీడియేటు కళాశాలల వసతిగృహములకు రాష్ట్రమున నన్ని దిక్కులనుండి పిల్లలు వచ్చి చేరుట యనేకసంవత్సరములుగా జరుగుచున్నది. పదునాఱేండ్ల పిల్ల యింటికి దూరముగా, పరీక్షాఫలమే జీవిత మను మాట వినుచుండఁగా, బెంగ యెప్పుడు వ్యాధి యగునో గుర్తింపఁగలవారు దగ్గఱ నుండుట యావశ్యకము. ఆంధ్రప్రదేశమునకు సంబంధించిన యొక విద్యార్థినిమరణపు వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2025 జులై నెలలో నిచ్చిన తీర్పు, నూఱుగురు గాని యంతకుమించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు నర్హతగల కౌన్సెలరు నొక్కనినైన నియమింపవలె నని చెప్పినది. 2017వ సంవత్సరపు మానసికారోగ్యసంరక్షణచట్టము 2018 మే 29 నుండి యమలునకు వచ్చినది. ఆత్మహత్యకుఁ బ్రయత్నించినవాఁడు తీవ్రమైన మనఃక్లేశమున నున్నవాఁడని భావించి, శిక్షింపక చికిత్స చేయింపవలె నని యా చట్టము చెప్పుచున్నది. 2022 అక్టోబరు 10వ తేదిన నారంభమైన టెలిమానస్ అను కేంద్రప్రభుత్వసేవకు 14416 అను సంఖ్యకు రాత్రింబగళ్లు రుసుము లేకుండ ఫోను చేయవచ్చును. తెలుఁగున మాటలాడువా రుందురు.

కౌన్సెలరు వచ్చినను, పిల్లవానిని మొదట గమనించు నవకాశము తరగతి పండితునిదే. బాగుగాఁ జదువు పిల్లవాఁడు హఠాత్తుగా వెనుకఁబడినప్పుడు, పద్యము చెప్పుమన్నఁ దల యెత్తనప్పుడు, ఆటలకుఁ బోక యొంటిగాఁ గూర్చుండినప్పుడు, తన పుస్తకములును వస్తువులును బంచిపెట్టుచున్నప్పుడు, సోమరితనమని గద్దింపక ప్రక్కకుఁ బిలిచి యడుగవలెను. మైలవరమువంటి చోటఁ బండితుఁ డా పిల్లవాని యిల్లు, తల్లిదండ్రులు, పొలము, అప్పు ఎఱిఁగియే యుండును. అట్టి యెఱుక పట్టణపు వైద్యునికి లేదు. అతఁడు చేయవలసినది చికిత్స కాదు. విని, రెండు వారములైనను తగ్గనిచో నింటివారితోఁ జెప్పి కౌన్సెలరుయొద్దకుఁ గాని వైద్యునియొద్దకుఁ గాని చేర్చుట. చావును గూర్చిన మాట వినఁబడినచో రెండు వారములు వేచియుండరాదు. ఆ దినమే యొంటిగా విడువక, వైద్యునియొద్దకుఁ జేర్పవలెను. కృష్ణుని రెండు శ్లోకముల మందలింపు ఫలింపకపోయినను, దాని తరువాత నతఁడు రథము దిగి పోలేదు. పిల్లవాఁడు మొదటిమాఱు మాటాడకపోయినను, మఱునాఁడు మరల నడుగుటకుఁ బండితుఁ డచ్చటనే యుండవలెను.